బరంపురం పరిశోధనల్లో తెరిచి ఉన్నవెన్ని?

ఒడిశాలోని మా బరంపురం, పర్లాకిమిడి, కొరాపుట్ విద్యాసంస్థల నుంచి వెలువడే పరిశోధన పత్రాల్లో ఎన్నింటిని డబ్బు కట్టకుండా చదవవచ్చునని అడిగితే, పరిశోధన పత్రాల వివరాలను ఒకచోట చేర్చే ఓపెన్అలెక్స్ వంటి డేటా పోర్టల్ క్షణంలో ఒక శాతం చూపిస్తుంది. అది వేటిలో శాతమో తేల్చుకోకుండా దాన్ని నమ్మకూడదని నా అభిప్రాయం.

2021 చివర అలాంటి వివరాల భాండాగారమైన మైక్రోసాఫ్ట్ అకడమిక్ గ్రాఫ్ మూతపడగా, ఆ లోటు తీర్చడానికి 2022 జనవరిలో ఓపెన్అలెక్స్ మొదలైంది. పత్రం తెరిచి ఉందో లేదో చెప్పే అన్‌పేవాల్ అనే సేవ మాత్రం క్రాస్‌రెఫ్ అనే సంస్థ వద్ద నమోదయ్యే డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్యను పట్టుకుని వెతుకుతుంది. ఆ సంఖ్య కావాలంటే ప్రచురణకర్త రుసుము కట్టాలి కనుక, ఏ చిన్న కళాశాలో తెలుగులోనో ఒడియాలోనో వేసి ఉచితంగా పంచే పత్రిక డీఓఐ లేకుండా మిగిలిపోతే, అన్‌పేవాల్ ఆధారంగా తీసే శాతంలో అది తెరిచినవాటి లెక్కలోకీ రాదు, మొత్తం లెక్కలోకీ రాదు. భారతీయ విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ భాండాగారమైన శోధ్‌గంగలోని సిద్ధాంత గ్రంథాలను ఎవరైనా దించుకోవచ్చు, కానీ వాటికి ఉండేది డీఓఐ కాక హ్యాండిల్ అనే మరో రకం గుర్తింపు సంఖ్యే, కనుక అవీ ఆ లెక్కకు అందవు.

ఊరి పేరుతో వెతికితే మరో చిక్కు. మా ఊరినే ఇంగ్లీషులో రెండు రకాలుగా రాస్తారు. పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రానిదీ దాదాపు ఇదే పేరు. అందుచేత ఊరితో కాక, ఒక్కో పరిశోధన సంస్థకు విడిగా కేటాయించే ఆర్‌ఓఆర్ అనే గుర్తింపుతో వెతకడం మేలు.

తమ దేశ పరిశోధన పత్రాల్లో తెరిచి ఉన్నవెన్నో కొలవడానికి 2019లో మొదలైన ఫ్రాన్స్ ఓపెన్ సైన్స్ బారోమీటరులో నాకు నచ్చింది, శాతం పక్కనే పరిశీలించిన తేదీని కూడా చూపడం. ప్రచురణకర్త విధించిన నిరీక్షణ గడువు తీరాక పత్రం రిపాజిటరీ అనే ఆన్‌లైన్ పత్రాల నిల్వలో తెరుచుకుంటుంది కాబట్టి, ఒకే ఏడాది పత్రాలకు ఈ ఏడు కనిపించిన శాతం వచ్చే ఏటికి పెరగవచ్చు. తేదీ చెప్పకుండా రెండు సంస్థలను పోల్చడం నా దృష్టిలో వృథా శ్రమ.

2025 జనవరిలో అమలుకు వచ్చిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర ప్రభుత్వ చందా పథకం వల్ల ప్రభుత్వ విద్యాసంస్థల వారికి సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. అయినా అందులోని చందా పత్రాలను ఈ పోర్టళ్లు మూసి ఉన్నవిగానే లెక్కిస్తాయి. అదే సరైన లెక్క. విశ్వవిద్యాలయంలో కూర్చున్న విద్యార్థి చదవగలిగినా, 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన కొరాపుట్ కాలాజీరా బియ్యంపై అలాంటి పత్రికలో పత్రం వస్తే, ఆ వరి పండించే రైతు దాన్ని తెరవాలంటే ఇప్పటికీ డబ్బు కట్టవలసిందే.