కార్బన్ ఫైబర్ మూతకు 12 రంధ్రాలు

పైనుంచి చూస్తే 12 రంధ్రాలూ ముత్యాల్లా ఉన్నాయి. తిప్పి చూస్తే వెనకవైపు ప్రతిదాని చుట్టూ గడ్డం మొలిచినట్టు పోగులు. రెండు చోట్ల పొర లేచి, గోరు పెడితే కదులుతోంది.

ఏళ్ల తరబడి అల్యూమినియం మీద పనిచేసిన చెయ్యి నాది. ఆ అలవాటుతోనే మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) డ్రిల్ పెట్టేశాను. కార్బన్ పోగు లోహంలా చిప్స్‌గా రాదు, పొడిపొడిగా విరుగుతుంది. విరుగుతూనే డ్రిల్ అంచును అరగదీస్తుంది. మొద్దుబారిన డ్రిల్ ఇక కొయ్యదు, తోస్తుంది. కింద ఆనిక లేని చివరి పొర ఆ తోపుడుకి ఊడిపోతుంది. డైమండ్ కోటింగ్ ఉన్న కార్బైడ్ డ్రిల్ తెచ్చి, కింద చెక్క పలక ఆనించి, బయటికొచ్చే ముందు ఫీడ్ (డ్రిల్ లోపలికి దిగే వేగం) తగ్గించాక గానీ దారికి రాలేదు.

అంతకంటే ఏడిపించింది బిగింపు. అచ్చులో సరిగ్గా 90 డిగ్రీలున్న మూల, చల్లారాక కాస్త లోపలికి ముడుచుకుంటుంది. పోగుల్ని కలిపి పట్టే జిగురు, అంటే రెసిన్, కుంచించుకుపోతుంది, పోగు పొడవునా దాదాపు మారదు, అందుకని. నేనేమో క్లాంపులతో బలవంతంగా అదిమి రంధ్రాలు వేశాను. కొలతలు బ్రహ్మాండంగా వచ్చాయి. క్లాంపు వదలగానే మూత తన ఆకారంలోకి తాను పోయింది, రంధ్రాలు 0.4 మి.మీ. పక్కకి జరిగాయి! చివరికి ఒక మూత మీదనే రెసిన్ పోసి గూడులాంటి ఫిక్చర్ చేసుకున్నా. అందులో పెట్టి వాక్యూమ్‌తో పట్టిస్తే మూతని వంచే పనే లేదు.

దుమ్ముతో మాత్రం ఆటలొద్దు. ఊపిరితిత్తులకు ఎలాగూ మంచిది కాదు, పైగా కరెంటును పారనిస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్తే షార్ట్ సర్క్యూటే. కట్టర్ పక్కనే సక్షన్ పైపు, ముఖానికి మంచి మాస్కు లేకుండా మెషీన్ ఆన్ చేయను.

ఫినిషింగ్‌లో 400, 600, 800 నంబర్ల గరుకు కాగితాలతో తడి శాండింగ్. నీళ్లు పాలలా తెల్లగా వస్తున్నంతసేపు అరుగుతున్నది పై రెసినే. నల్లబడ్డాయంటే పోగు తగిలినట్టే. ఇంకొక్క రుద్దు అనే దురాశతో ఒక మూలన నేత చెడగొట్టుకున్నాను, వెలుతురుకి వాలిస్తే ఇప్పటికీ కనిపిస్తుంది. అల్యూమినియం బ్రాకెట్ తగిలే కోసిన అంచులన్నిటికీ ఎపాక్సీ రెసిన్ పూశాను, లేకపోతే తేమ చేరినప్పుడు కార్బన్ ఆ అల్యూమినియాన్ని తినేస్తుంది. పైన యూవీని ఆపే క్లియర్ కోట్.

ఆ మొదటి మూత నా బల్ల కిందే ఉంది. కొత్త డ్రిల్ ఏది వచ్చినా ముందు దాని మీదే పరీక్ష. 12 రంధ్రాలు కాస్తా జల్లెడయ్యాయి.