దీపాలు పెట్టే వేళకి మా పిల్లులు ఇంట్లో ఉండాల్సిందే

సాయంత్రం ఆరయ్యిందంటే నేను స్టీలు గిన్నె మీద గరిటతో మూడుసార్లు కొడతాను, ఆ చప్పుడుకి నల్లోడు గడ్డిమేటు మీంచి, రాగి కొబ్బరితోటలోంచి పరిగెత్తుకుంటూ వచ్చేస్తాయి, రెండూ లోపలికి రాగానే వీధి తలుపు, పెరటి తలుపు గడియ పెట్టేస్తాను. మళ్ళీ తెల్లారి ఆరింటిదాకా తీసేది లేదు. మాది పాలకొల్లు దగ్గర పల్లె, ఇక్కడ పిల్లిని రాత్రి లోపల ఉంచుకోడం వింత. మరి ఎలకల్నెవరు పడతారండీ అని అడుగుతారు. అడిగిన ప్రతివాళ్ళకీ మా పాత పిల్లి చిన్నమ్మి సంగతి చెప్పబోతే గొంతు పట్టేస్తోంది, అందుకే ఒకసారి కూర్చుని రాసేస్తున్నాను.

చిన్నమ్మి మా ధాన్యం గదిలోనే పుట్టింది. తెలుపు మీద బూడిదరంగు మచ్చలు, తోక చివర మాత్రం నలుపు. రాత్రి భోజనాలవ్వగానే చేల గట్ల మీదకి పోయేది, కోడి కూసే వేళకి వచ్చి మా అత్తయ్యగారి మంచం కింద పడుకునేది, ఎప్పుడూ అంతే కదా అని మేమూ పట్టించుకోలేదు. మూడేళ్ళ కిందట దాళ్వాలో, అంటే రెండో పంట వరి రోజుల్లో, చేలు ఇంకా పొట్టకి రాలేదు, ఒకరోజు పొద్దున్న వచ్చి తులసికోట పక్కన పడుకుండిపోయింది. పాలు పోస్తే చూడలేదు, ఎండు రొయ్య పెడితే వాసన కూడా చూడలేదు. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు కాయితంలా తెల్లగా ఉన్నాయి, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. బుట్టలో పెట్టుకుని బండి మీద టౌన్‌కి తీసుకెళ్ళాం. డాక్టరు గారు చూడగానే అడిగిన మొదటి మాట, మీ చేలల్లో ఎలకల మందు పెట్టారా అని. విటమిన్ కె ఇంజక్షన్ చేశారు, అప్పటికే లోపల రక్తం కారిపోతోందన్నారు. ఇంటికి తెచ్చిన గంటకి నా ఒళ్ళోనే పోయింది.

ఆయన ఆరోజు చెప్పింది నాకు మాట మాటకీ గుర్తుంది. మన వైపు పెట్టేది ఎక్కువగా బ్రోమాడియోలోన్ అనే ఎలకల మందు, నూకల్లో నూనె, ఆ మందు పొడి కలిపి, చిన్న చిన్న పొట్లాలు కట్టి బొరియల్లో పెడతారు. అది తిన్న ఎలక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె ని ఒంట్లో పనిచెయ్యనివ్వదు ఆ మందు, అందుకని నాలుగైదు రోజులు నీరసపడి, మత్తుగా, పట్టపగలు కూడా గట్టు మీద తూలుతూ తిరుగుతుంది. పిల్లికి అంతకంటే తేలిగ్గా దొరికే ఎలక ఉంటుందా? మన పిల్లి పొట్లం ముట్టుకోకపోయినా, రోజూ రాత్రి అలాంటి ఎలకల్ని తిని తిని ఆ మందంతా దాని ఒంట్లోకి చేరిపోతుంది. దానిక్కూడా తిన్న రోజు ఏమీ తెలీదు, మూడు నుంచి ఐదు రోజులు పోయాకే బయటపడుతుంది. ముందే తెలిస్తే విటమిన్ కె1 వారాల తరబడి వాడి బతికించుకోవచ్చట. నాకు తెలియలేదు. కొందరు జింక్ ఫాస్ఫైడ్ అనే నల్ల పొడి వాడతారు, అది ఇంకా ఘోరం, కడుపులోకి వెళ్ళగానే విషవాయువై గంటల్లో చంపేస్తుంది.

ఇందులో రైతు తప్పేం లేదండి, మాకూ చేనుంది, ఒక్క రాత్రిలో ఎలకలు పైరు కొరికి పడేస్తే ఎలా ఉంటుందో మాకూ తెలుసు. ఎలకల్ని పట్టే బుట్టలు పెట్టేవాళ్ళని పిలిపించి పట్టిస్తే మందు అక్కర్లేదు, మేం ఇప్పుడు అదే చేయిస్తున్నాం, కానీ ఆయకట్టంతా అలా చేయించలేం కదా. మన చేతిలో ఉన్నదల్లా తలుపు.

రాత్రి బయట మిగతా ప్రమాదాలు అందరికీ తెలిసినవే, లారీలు, వీధికుక్కలు, చెరువుల దగ్గర కాపలాకి పెంచే కుక్కలు. పాముల గురించి మాత్రం చెప్పాలి. కోతలప్పుడు కుప్పల కింద రక్తపింజరి చేరుతుంది, కట్లపాము పూర్తిగా రాత్రిపూట తిరిగేదే. పిల్లి దాంతో ఆడుకోడం ఒక ప్రమాదమైతే, సగం చచ్చిన పాముని నోట కరుచుకుని ఇంట్లోకి తేవడం ఇంకో ప్రమాదం, మా పిన్ని వాళ్ళింట్లో అలాగే వసారాలో పిల్లలు పడుకున్న చాప పక్కన తెచ్చి పడేసింది.

పిల్లి రాత్రి జంతువు కదా, కట్టేస్తే పాపం కాదా అంటారు. నేనూ మొదట అలాగే బాధపడ్డాను. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో ఉండే బావురుపిల్లి, అదే నీటిపిల్లి, మన పిల్లికి రెట్టింపు ఉంటుంది, రాత్రిపూట నీళ్ళలో దిగి చేపలు పట్టుకుంటుంది, దాని బతుకు దానిది, అది అడవిలోనే ఉండాలి. ఇంటి పిల్లి అలా కాదు, దానికి అసలు హుషారొచ్చేది మునిమాపు వేళ, మళ్ళీ తెల్లవారుజామున. మధ్యలో కడుపు నిండితే పడుకుంటుంది. ఈ సంగతి పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

అందుకని పగలు తిండి కొంచెమే పెడతాను, అసలు తిండి సాయంత్రమే. గిన్నె మోగించి లోపలికి పిలిచాక ముందు పదిహేను నిమిషాలు ఆడిస్తాను, కొబ్బరి ఈనెకి దారం కట్టి చివర కోడి ఈక కడితే చాలు, నల్లోడు గాల్లోకి ఎగిరి ఎగిరి అలిసిపోతాడు. తర్వాత ఉడకబెట్టిన కట్టిపరిగెలు, అవే చిన్న చేపలు, ముళ్ళు తీసి, కాస్త అన్నం కలిపి పెడతాను. పులుసులో ముక్క మాత్రం పెట్టకండి, ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లుల రక్తానికి పడవు. తినేసి మూతి తుడుచుకుని పడుకుంటాయి.

మొదటి వారం మాత్రం నరకం. మాది పెంకుటిల్లు, తలుపులేస్తే చూరులోంచి పోయేవి. రొయ్యల చెరువు మీద కొంగలు వాలకుండా కట్టే వల మా మరిది దగ్గర పాతది ఉంటే తెచ్చి చూరు పొడుగునా, కిటికీలకీ బిగించి కట్టాం, గాలికి అడ్డం లేదు, పిల్లి దూరలేదు. తర్వాత అరుపులు. రాత్రి రెండింటికి రాగి తలుపు గీరుతూ ఏడుస్తుంటే మా అత్తయ్యగారు "ఓసారి వదిలెయ్యమ్మా, నిద్ర చంపుతోంది" అనేవారు. నేను లేవలేదు. ఒక్కసారి లేచి తలుపు తీశామంటే అరిస్తే తీస్తారని దానికి తెలిసిపోతుంది. తొమ్మిదో రాత్రికి మానేసింది. నల్లోడికి ఆపరేషన్ చేయించాక వాడూ కుదురుకున్నాడు, అంతకుముందు ఆడపిల్లుల కోసం ఊరంతా తిరిగి చెవులు చీల్చుకుని వచ్చేవాడు. రాగికి కూడా చేయించాం, ఆడపిల్లికి ఐదో నెలకే కడుపు రావచ్చు, సుమారు అరవై అయిదు రోజులకి ఈనేస్తుంది.

దొడ్డికెళ్ళడానికి వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు. మొదట ఇసుక పోశాను, ఇల్లంతా తొక్కేశాయి. ఇప్పుడు కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టు పోస్తున్నాను, తడి లాగేస్తుంది, వాసన రాదు, మా దగ్గర దానికి కొదవే లేదు. అది మాత్రం రోజూ తీసెయ్యాలి. పిల్లి దొడ్డిలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండొచ్చు, అది మనిషికి అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది, ఏరోజుకారోజు తీసేస్తే చాలావరకు భయం ఉండదు. మా తోటికోడలు కడుపుతో ఉన్నప్పుడు ఆ టబ్బు దగ్గరికే రానివ్వలేదు నేను, కడుపుతో ఉన్నవాళ్ళు ఆ పని ముట్టుకోకూడదు.

నిన్న సాయంత్రం పక్క చేను ఆయన ఫోన్ చేశారు, "ఆయ్, ఎల్లుండి మందెడతన్నావండి, మీ పిల్లుల్నొదలకండి" అని. చిన్నమ్మి పోయినప్పటినుంచి ఆయన ఏటా ఇలా ముందే చెప్తున్నారు. రెండు వారాలు పగలు కూడా లోపలే ఉంచాలి ఇక. కొబ్బరి పొట్టు రెండు బస్తాలు తెప్పించాను, పెరటి కిటికీ దగ్గర వల ఒకచోట తెగింది, అది చీకటి పడేలోపు కుట్టుకోవాలి.