మిసెస్

చిన్నప్పట్నుంచీ విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ డౌన్, అంటే ఆ వాలు రోడ్డు, దిగుతూ ఎక్కుతూ పెరిగినదాన్ని. మొన్న మా మేనకోడలు గేటు మీద బోర్డు కూడబలుక్కుని చదివి, "అత్తా, కాలేజీకి మిసెస్ ఏంటి?" అంది.

నిజమే, పూర్తి పేరు మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ. 1860లో చిన్న బడిగా మొదలైంది. భర్త అంకితం వెంకట నరసింగరావు గారి జ్ఞాపకార్థం అచ్చయ్యమ్మ గారు విరాళమిస్తే ఆ పేరు వచ్చింది. ఆయన నక్షత్రాల్ని పరిశీలించే వేధశాల నడిపి ఆకాశాన్ని కొలిచిన మనిషి, ఆ వేధశాల కట్టించింది ఈవిడ తండ్రి గోడే వెంకట జగ్గారావు గారు. ఆ ఇద్దరి గురించీ ఎంతో కొంత రాశారు. సి.వి. రామన్ ఇక్కడే చదివాడని ఊరంతా గర్వంగా చెప్పుకుంటాం. డబ్బిచ్చి నిలబెట్టిన మనిషి మాత్రం భర్త పేరు ముందు ఒక్క "మిసెస్"గా మిగిలింది. ఆటోవాళ్ల నోట్లో, మా నోట్లో అదీ ఎప్పుడో రాలిపోయింది. నాకు చాలా కష్టంగా అనిపించింది.

పిల్లని ఆ గేటు దగ్గరే నిలబెట్టి చెప్పాను. "అచ్చయ్యమ్మ" అని రెండుసార్లు పలికింది, ఒత్తుల దగ్గర ఆగి ఆగి.

తిరిగొచ్చేటప్పుడు ఆటో ఆయనకి మొత్తం పేరు చెప్పాను.