సున్నం గోడ

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మేం కొన్న ఇల్లు విక్టోరియా రాణి కాలం నాటిది. కింద రెండు గదులు, పైన రెండు, వెనక వంటగది, దాన్ని దాటితే స్నానాలగది. 1875 ప్రజారోగ్య చట్టం తర్వాత నిబంధనల ప్రకారం లేచిన వీధి కాబట్టి ప్రతి ఇంటికీ వెనక చిన్న పెరడుంది. అరుగూ వసారా లేవు, వీధి తలుపు తీస్తే నేరుగా ముందుగదే. గోడలు ఉమ్మడి. పక్కింటాయన తుమ్మితే మాకు వినిపిస్తుంది.

మనవైపు బయానా ఇచ్చి కాగితం రాసుకుంటే బేరం ఖాయమైనట్టే. ఇంగ్లండ్‌లో అమ్మేవాళ్లు సరేనన్నా, ఇరువైపుల సొలిసిటర్లు, అంటే వకీళ్లు, కాంట్రాక్టులు మార్చుకునేదాకా ఎవరైనా తప్పుకోవచ్చు. ఆ నెలల్లో ఆఫీసులో ఫోను మోగితే మీటింగులోంచి లేచి బయటికి పరుగెత్తేవాణ్ణి. వీసా మీద ఉన్నామని ఒక బ్యాంకు ఇంటి అప్పుకు మా చేతి డబ్బు, అంటే డిపాజిట్, ఎక్కువ అడిగింది. తొలి ఇల్లు, పైగా 3 లక్షల పౌండ్ల లోపే కాబట్టి స్టాంప్ డ్యూటీ పడలేదు. కలిసొచ్చింది అదొక్కటే.

కొనేముందు ఇంటి పరిస్థితి చూసే సర్వేలో వెనకగది గోడకు చెమ్మ అని తేలింది. చూడ్డానికొచ్చిన చెమ్మ బాగుచేసే కంపెనీ మనిషి తడి చూసే మీటరు ముళ్లు గోడకు గుచ్చాడు. అది కీచుమంది. గోడలోకి కెమికల్ ఎక్కించి, పాత పూత కొట్టేసి సిమెంటు పూయాలన్నాడు. నిజానికి ఆ మీటరు చెక్కలో తడి కొలవడానికి చేసింది, గోడలో ఉప్పు పేరుకున్నా కీచుమంటుంది.

నాన్న తాపీమేస్త్రి. వీడియో కాల్‌లో చూపిస్తే చెమ్మ సంగతి వదిలేసి, "బయట గచ్చు ఎంత ఎత్తుందిరా?" అన్నాడు. వెళ్లి చూస్తే, పెరట్లో ఎవరో కాంక్రీటు మీద కాంక్రీటు పోసి, చెక్క నేల కిందికి గాలి పోయే చిల్లుల ఇటుకలను సగం కప్పేశారు.

"సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూస్తారుట్రా! తాగిన నీళ్లు ఎటు పోతాయి?"

గానుగసున్నం ఇళ్లకు మరమ్మతులు చేసిన మనిషి. తొమ్మిదంగుళాల గోడ, మధ్యలో ఖాళీ లేదు. వాన తాగాలి, ఎండకూ గాలికీ ఆరాలి. సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోతుంది.

కంపెనీ ఎస్టిమేటు చూపించి ధర కాస్త తగ్గించుకున్నాం. ఆ పని మాత్రం చేయించలేదు. తాళాలు చేతికొచ్చాక కాంక్రీటు పగలగొట్టించాను. ఇక సున్నం పూత. తెలిసినవాళ్లు తక్కువ, కూలి ఎక్కువ. రోజుకెంతో చెప్పగానే నాన్న, "నాకు టికెట్ తియ్యి" అన్నాడు. ఐదు డిగ్రీల లోపు చలిలో సున్నం పని పెట్టుకోకూడదని ఇక్కడి పనివాడు చెప్పాడు. అందుకే మే నెలకు తీశాను.