పచ్‌మఢీకి లాగ్‌బుక్కులతో

ఇటార్సీలో రైలు మారి పిపరియాలో దిగితే, అక్కణ్ణుంచి మధ్యప్రదేశ్‌లోని కొండ ఊరు పచ్‌మఢీకి ఇంకో 50 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. మలుపులకు కొందరు పిల్లలకు కడుపులో తిప్పుతుంది, టిఫిన్ పైకెళ్లాకే పెట్టించడం మేలు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ జాతీయ శిక్షణ కేంద్రం ఈ కొండమీదే ఉంది. మాతో వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది స్కౌటింగ్ మెట్లలో మూడోదైన తృతీయ సోపాన్ పూర్తిచేసి, దాని తర్వాతి రాష్ట్రస్థాయి అవార్డు రాజ్య పురస్కార్‌కు తయారవుతున్నవాళ్లు.

జీపు ఎక్కేముందే లాగ్‌బుక్కులు, అంటే ఏ రోజు ఏం చేశారో రాసుకునే పుస్తకాలు, తీయించాం. పిల్లలు ముడుల దగ్గర తప్పడం తక్కువ, ఈ పుస్తకాల దగ్గరే దొరికిపోతారు. ఏడాది పని ఒకే పెన్నుతో, ఒక్క రాత్రిలో రాసిందైతే పరీక్ష చేసేవాళ్లు రెండు పేజీలు తిప్పగానే పట్టేస్తారు. తేదీ, చేసిన పని, మాస్టారి సంతకం మూడూ అదే రోజు పడాలి. ఒక సోపానానికీ తర్వాతి సోపానానికీ మధ్య ఉండాల్సిన గడువు తేదీల్లో కనపడకపోతే, ఎంత చురుకైన పిల్లయినా దరఖాస్తు ఆగిపోతుంది.

క్యాంపులో వంటపాత్రల స్టాండు కట్టించాం. నిలువు కర్రకు అడ్డకర్రను తాడుతో కట్టే స్క్వేర్ లాషింగ్‌కు నిలువు కర్రమీద క్లోవ్ హిచ్ ముడి, రెండు కర్రలనూ కలుపుతూ మూడు చుట్లు, కర్రల సందులోంచి ఆ చుట్లను బిగించే రెండు ఫ్రాపింగ్ చుట్లు, చివర అడ్డకర్రమీద మళ్లీ క్లోవ్ హిచ్. స్టాండు ఊగితే లోపం దాదాపు ప్రతిసారీ ఫ్రాపింగ్‌లోనే. అది చివర్లో ఒక్కసారి లాగితే కుదరదు, ప్రతి చుట్టూ బిగిస్తూ రావాలి.

మర్నాడు చౌరాగఢ్ కొండకు హైక్. వెయ్యికి పైగా మెట్లు. పైన గుడి చుట్టూ భక్తులు మొక్కుగా మోసుకొచ్చిన త్రిశూలాల గుట్టలు. అక్కడ దిక్సూచితో ధూప్‌గఢ్ శిఖరం వైపు బేరింగ్ (దిశ కోణం) తీస్తుంటే మా గైడ్ పిల్లల్లో ఒకమ్మాయి ఆగిపోయింది. "సార్, రెండడుగులు జరిగితే ముల్లు తిరిగిపోతోంది!" త్రిశూలాల ఇనుము ముల్లును లాగుతోందని తనే కనిపెట్టి, దూరంగా వెళ్లి మళ్లీ కొలిచింది. పాత అంకె కొట్టేయకుండా పక్కనే కారణం రాసింది. హైక్ రిపోర్టంటే అదీ!

ఆ రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర "బాగా చేసింది" అని ఊరుకోలేదు. ఏం గమనించిందో, ఎలా సరిచూసుకుందో అందరి ముందూ చెప్పాం. ఉత్త మెచ్చుకోలు పక్క పిల్లలకు ఏమీ నేర్పదు. ఇలా చెబితే మర్నాడు వాళ్లూ దిక్సూచి పట్టుకునేముందు బెల్టు బకిల్ చూసుకున్నారు.

గవర్నర్ సంతకంతో రాజ్య పురస్కార్ పత్రం చేతికొచ్చేసరికి చాలాకాలం పడుతుంది. అందాకా పిల్లల ఉత్సాహం నిలబెట్టాల్సింది ఊళ్లో స్కౌట్ల ట్రూపు, గైడ్ల కంపెనీలే. అందుకే తిరిగెళ్లిన వారంలోనే తల్లిదండ్రులను పిలిచి, ఆ అమ్మాయిచేతే ఆ ప్రయోగం చేయించాలనుకున్నాం. ఓ దిక్సూచి, గుప్పెడు ఇనుప మేకులు చాలు.