బొంత కుట్టు: ఎవరి చేతివాటం వాళ్లది

శ్రీకాకుళం వైపు బొంతకు పాత నూలు చీరలే సరుకు. అయిదున్నర మీటర్ల చీరలు మూడింటిని సగానికి మడిచి పేరిస్తే ఆరు పొరలొస్తాయి. 9 అడుగుల పొడవు, 4 అడుగులకు కాస్త తక్కువ వెడల్పు. జరీ అంచులుంటే ముందే కత్తిరించండి, ఒంటికి గుచ్చుకుంటాయి. పైపొరకు కొత్త పొందూరు ఖద్దరు వేస్తే ముందురోజు రాత్రే నానబెట్టి ఆరేయాలి. లేదంటే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోయి కింది పొరలు ఉబ్బుతాయి.

అసలు తేడా టాకాల దగ్గరే, అంటే పొరలు కదలకుండా ముందుగా వేసే తాత్కాలిక కుట్ల దగ్గరే. నేలమీద పరిచి, మూలల్లో బరువులు పెట్టి, నడుమ నుంచి అంచులవైపు జానెడు ఎడంలో పెద్ద టాకాలు వేయాలి. అంచు నుంచి మొదలెడితే వదులంతా మధ్యకు చేరి బుడగలా లేస్తుంది. ఇస్త్రీతో అణిగేది కాదది.

తర్వాత మీ ఇష్టం. అసలు కుట్టు వరసల మధ్య రెండు వేళ్ల ఎడమైతే మెత్తగా ఉంటుంది, పనీ త్వరగా తెములుతుంది. వేలెడు ఎడమైతే గట్టిగా మన్నుతుంది. మిషన్ మీదైతే 16 నంబరు సూది వేసి, గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం ఒత్తిడి తగ్గించండి. లేకుంటే పైపొర జరిగి ముడతలు పడతాయి. చేతికుట్టే నయం! కాకపోతే దారం మూర దాటనివ్వకండి, చిక్కుపడుతుంది.