రిపోర్టులో నేను చదవని వాక్యం

2022 జనవరి నెలాఖరున విశాఖపట్నంలో తీయించుకున్న మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, రిపోర్టు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. క్యాన్సర్ అని అనుమానించదగిన మార్పులేవీ లేవని దాని అడుగున పెద్ద అక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది. దానికి నాలుగు వరుసల పైన, మామూలు అక్షరాలతో, రొమ్ము కణజాలం దట్టంగా ఉందనీ, సాంద్రతలో అది సి రకమనీ, అందువల్ల చిన్న గడ్డలు మరుగున పడిపోయే అవకాశం ఉందనీ మరొక వాక్యం ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా పాఠశాలల్లో ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు చదవడం నేర్పుతున్న నేను, ఆ రోజు అడుగు వాక్యం ఒక్కటే చదివి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సు ఎక్కేశాను.

అప్పటికి నాకు 52 ఏళ్లు. మా పెద్దమ్మ రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. ఆమె తన గడ్డను రెండేళ్లపాటు కొంగు చాటున దాచుకుంది. అది పుండు పడి వాసన వేసే దాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఆ బాధను దగ్గరుండి చూసినదాన్ని కనుక, కరోనా వచ్చిన ఏడాది తప్ప, నలభై అయిదో ఏట నుంచి ఏటా సంక్రాంతి వెళ్లగానే పరీక్ష చేయించుకుంటూ వచ్చాను. ఇంత జాగ్రత్తగా ఉన్నదానికి ఆ జబ్బు తెలియకుండా రాదని నమ్మాను. తరువాత జరిగిన ఆలస్యంలో ఆ నమ్మకానికి కూడా వాటా ఉంది.

ఆగస్టులో ఒక ఉదయం అద్దం ముందు చెయ్యెత్తి జడ వేసుకుంటుంటే ఎడమ రొమ్ము కింది భాగంలో చర్మం కొద్దిగా లోపలికి లాగినట్టు, చిన్న సొట్ట పడినట్టు కనిపించింది. చెయ్యి దించితే పోయింది, ఎత్తితే మళ్లీ వచ్చింది. వేళ్లతో తడిమి చూస్తే గోళీలాంటి గడ్డ ఏదీ తగలలేదు. ఆ చుట్టూ మాత్రం, తడి ఆరిన చపాతీ పిండి ముద్దలాగా, కుడివైపు లేని ఒక బిగువు తెలిసింది. నొప్పి లేదు. చనుమొన నుంచి స్రావం లేదు. గడ్డ అంటే చేతికి దొరికి కదిలేదో, కదలనిదో ఒకటి ఉండాలని మాత్రమే నాకు తెలుసు కాబట్టి, ఇది అది కాదనుకున్నాను.

అయినా మనసు ఊరుకోక శ్రీకాకుళంలోనే ఒక వైద్యురాలికి చూపించుకున్నాను. ఆమె చేత్తో పరీక్షించి, జనవరి రిపోర్టు తిరగేసి, ముట్లు ఆగిపోయాక ఇలాంటి మార్పులు వస్తుంటాయనీ, ఏడు నెలల కిందటి మామోగ్రామ్ బాగుంది కనుక ఆరు నెలలాగి రమ్మనీ చెప్పారు. ఆమె కసురుకోలేదు, తొందరపడలేదు, నా మాట పూర్తిగా విన్నారు. కానీ చదవవలసిన ఆ వాక్యాన్ని ఆమె కూడా చదవలేదు. నాకు కావలసిన మాటే ఆమె నోట వచ్చింది కనుక నేనూ మారు ప్రశ్న వేయలేదు.

మూడు నెలలు అలాగే గడిచాయి. కార్తీక సోమవారం నాడు మా పక్కింటి నర్సమ్మ గారు ప్రసాదం ఇవ్వడానికి వచ్చినప్పుడు, ఎందుకో ఆమెకు చెప్పాలనిపించింది. ఆమె ఏజెన్సీ ఊళ్లలో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైన మనిషి. లోపలి గదిలోకి తీసుకెళ్లి చూపించమన్నారు. రెండు చేతులూ నడుం మీద పెట్టించి, తల పైకెత్తించి, ముందుకు వంచి, పడుకోబెట్టి, పది నిమిషాల సేపు చూశారు. "అప్పుడెప్పుడో తీసిన ఫొటో ఇప్పుడొచ్చినదానికి ఎలగ సాచ్చికం చెప్తాదమ్మా? ఇలగ ఒగ్గీకండి టీచరమ్మా, రేపే ఎల్లండి" అన్నారు.

మర్నాడు వెళ్లలేదు. అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు దిద్ది, డిసెంబరులో వెళ్లాను.

ఈసారి తీసిన మామోగ్రామ్‌లో కూడా గడ్డ కనిపించలేదు. పాత ఫిల్మునూ కొత్త ఫిల్మునూ పక్కపక్కన పెట్టి చూసిన రేడియాలజిస్టు, చర్మం లాగడం తాను కంటితో చూశారు కనుక అక్కడితో ఆపకుండా అల్ట్రాసౌండ్ చేశారు. అందులో అంచులు సరిగా తెలియని ఒక నల్లని నీడ కనబడింది. లావుపాటి సూదితో అక్కడి నుంచి ముక్కలు తీసి బయాప్సీకి పంపారు. ఎనిమిదో రోజున ఫలితం వచ్చింది. ఇన్వేసివ్ లాబ్యులర్ కార్సినోమా, రొమ్ము క్యాన్సర్‌లో ఒక రకం. ఎమ్మారై తీస్తే అది అయిదున్నర సెంటీమీటర్లు పరుచుకుని ఉంది. నెల తిరగకుండా తీసిన రెండు ఫోటోలలో అంత పెద్దది ఒకదానిలో ఉండి, మరొకదానిలో లేకపోవడం ఎలా సాధ్యమో నాకు అర్థం కాలేదు.

అది ఎలా సాధ్యమో మా శస్త్రవైద్యుడు అరగంట కూర్చుని చెప్పారు. మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగానూ, పాలగ్రంథులూ వాటిని పట్టి ఉంచే పీచు కణజాలమూ తెల్లగానూ పడతాయి. క్యాన్సర్ కూడా తెల్లగానే పడుతుంది. కొవ్వు ఎక్కువగా ఉన్న రొమ్ములో తెల్లని మచ్చ ఇట్టే కనబడుతుంది. దట్టమైన రొమ్ములో అది తెలుపులో తెలుపై కలిసిపోతుంది. సాంద్రతను ఎ నుంచి డి దాకా నాలుగు రకాలుగా విభజిస్తారు. సి, డి రకాలను దట్టమైనవిగా లెక్కిస్తారు. ఇది జబ్బు కాదు, ఎంతోమంది ఆడవాళ్లకు ఉండేదే. రొమ్ము పరిమాణాన్ని బట్టి గానీ, చేతికి మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నదాన్ని బట్టి గానీ ఇది తెలియదు. మామోగ్రామ్ తీస్తేనే తెలుస్తుంది. పైగా సాంద్రత ఎక్కువగా ఉన్నవారికి క్యాన్సర్ వచ్చే ప్రమాదం కూడా కొంత ఎక్కువేనని ఆయన చెప్పినప్పుడు, ఏడేళ్ల రిపోర్టులూ ఒక్కసారి నా కళ్ల ముందు తిరిగాయి.

రెండో కారణం నాకు వచ్చిన రకం. రొమ్ము క్యాన్సర్లలో నూటికి పది నుంచి పదిహేను ఈ లాబ్యులర్ రకానివి. కణాన్ని కణానికి అంటించి ఉంచే ఈ-క్యాథెరిన్ అనే ప్రోటీన్ ఈ రకంలో సాధారణంగా ఉండదు. అందువల్ల ఆ కణాలు ఒక్కచోట ముద్ద కట్టకుండా, ఒకదాని వెనుక ఒకటిగా బారులు తీరి, ఉన్న కణజాలంలోంచే దారి చేసుకుంటూ పోతాయి. ఆయన కాగితం మీద ఆ బారులను గీసి చూపించినప్పుడు నాకు మా అమ్మ రాట్నం గుర్తొచ్చింది. మాది పొందూరు. అమ్మ చిన్నప్పటి నుంచి కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, సన్ననూలు వడికిన మనిషి. దూది ఉండగా ఉంటే ఎవరికైనా కనబడుతుంది. అదే దూదిని పోగు తీసి తెల్లబట్టలో కలిపి నేసేస్తే ఆ పోగును వేరు చేసి చూపడం ఎవరితరం? అమ్మకు నా జబ్బును నేను ఇలాగే చెప్పాను. ఆమెకు వెంటనే అర్థమైంది. నాకంటే ముందు ఆమే ఏడవడం మానేసింది.

2023 జనవరిలో ఎడమ రొమ్ము పూర్తిగా తీసేశారు. చంక కింది గ్రంథులలో మూడింటికి జబ్బు పాకి ఉంది. తరువాత కీమోథెరపీ: మొదట నాలుగు విడతలు ఎర్రమందు, ఆ పైన పన్నెండు వారాలు వారానికొకసారి ఇంకొక మందు. ప్రతిసారీ వంద కిలోమీటర్లకు పైగా పోయి రావాలి. తెల్లవారుజామున బయలుదేరితే రాత్రికి గానీ ఇల్లు చేరేవాళ్లం కాదు. పలాస, ఇచ్ఛాపురం, సాలూరు నుంచి వచ్చిన ఆడవాళ్లం అందరం ఒకే వరుసలో సెలైన్లు పెట్టించుకుని పడుకునేవాళ్లం. జుట్టు ఊడిపోవడం నేను భయపడినంత బాధించలేదు. వేళ్ల కొసలు మొద్దుబారి సుద్దముక్క చేతిలోంచి జారిపోవడం మాత్రం చాలా బాధించింది. ఆ తరువాత పదిహేను రోజులు రేడియేషన్. ఆ పదిహేను రోజులూ మా వారు సెలవు పెట్టి నాతోనే ఉన్నారు.

మళ్లీ బడికి వెళ్లే ముందు అమ్మ ఉతికిన పొందూరు బట్టను పొరలు పొరలుగా మడిచి, లోపల దూది కూరి, కుడివైపుతో సరిపోయేలా ఒక మెత్త కుట్టి ఇచ్చింది. ఎనభై ఏళ్ల కళ్లతో వేసిన ఆ కుట్లు వంకరటింకరగా ఉన్నాయి. కొన్న సిలికాన్ మెత్త కంటే ఎండాకాలంలో నాకు అదే హాయిగా ఉంటుంది.

ఇప్పుడు రోజూ లెట్రోజోల్ బిళ్ల వేసుకుంటున్నాను. నా క్యాన్సర్ ఈస్ట్రోజెన్ అనే హార్మోను మీద ఆధారపడి పెరిగే రకం; ఈ బిళ్ల ఒంట్లో ఆ హార్మోనును తగ్గిస్తుంది. ఆ మందు వల్ల పొద్దున లేవగానే మోకాళ్లు, వేళ్ల కణుపులు పట్టేస్తాయి. ఎముకలు పలచబడకుండా కాల్షియం వాడాలి. ఎడమ చేతికి వాపు వస్తుందన్న భయంతో ఆ చేతికి సూది గానీ, బీపీ పట్టీ గానీ వేయనివ్వను. గోడ మీద వేళ్లతో పాకించే వ్యాయామం ఇప్పటికీ మానలేదు.

నా కథ విన్న కొందరు బంధువులు, అయితే మామోగ్రామ్ దండగేనన్నమాట అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగా భయం వేసింది. మామోగ్రామ్ వల్ల తొలి దశలోనే బయటపడి బతికినవాళ్లు నా పక్క మంచాల మీదే ఉన్నారు. అల్ట్రాసౌండ్, ఎమ్మారై అందరికీ చేసేస్తే క్యాన్సర్ కానివాటికి కూడా సూదులు గుచ్చవలసి వస్తుందని డాక్టర్లు చెప్పేది కూడా నిజమే. నేను కోరేది చాలా చిన్నది. తనకు ఏ రకం సాంద్రత ఉందో, దానివల్ల పరీక్ష ఎంతవరకు చూడలేదో ఆ మనిషికి తన భాషలో చెప్పాలి. అమెరికాలో 2024 సెప్టెంబరు 10 నుంచి మామోగ్రామ్ తీసిన ప్రతి కేంద్రమూ సాంద్రత గురించి ఆ స్త్రీకి తెలియజేయాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. నాకు అది ఏడేళ్లూ కాగితం మీద రాసి ఇచ్చారు; నోటితో ఒక్కరూ చెప్పలేదు. ఇక మామోగ్రామ్ ముఖమే చూడని మా పల్లెల ఆడవాళ్లకు నర్సమ్మ గారిలాంటి వాళ్ల చేతులే ఆధారం. మన దేశంలో ముప్పై ఏళ్లు దాటిన వారికి ఆరోగ్య సిబ్బంది చేత్తో చేయవలసిన రొమ్ము పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. ఆశా కార్యకర్త పిలిస్తే సిగ్గుపడి తప్పించుకునే మా వీధి వాళ్లను ఇప్పుడు నేనే వెంటబెట్టుకుని తీసుకువెళుతున్నాను. వాళ్లకు గడ్డ గురించి మాత్రమే చెప్పను. సొట్ట, బిగువు, చనుమొన లోపలికి పోవడం, ఒకవైపు ఉన్నట్టుండి మరోవైపులా లేకపోవడం, అన్నీ చెబుతాను.

మొన్న ఫిబ్రవరిలో కుడి రొమ్ముకు ఏడాది పరీక్ష జరిగింది. ఫిల్ము చూస్తున్న రేడియాలజిస్టును సాంద్రత ఏ రకమని అడిగాను. ఆయన తెరను నా వైపు తిప్పి, మబ్బు పట్టినట్టున్న ఆ తెలుపును చూపించి, "ఇంకా సి రకమేనమ్మా" అని, నేను అడగక ముందే చీటీ మీద అల్ట్రాసౌండ్ రాశారు. మధ్యాహ్నం అది కూడా అయింది. ఏమీ లేదన్నారు. రిపోర్టు చేతికి వచ్చాక కౌంటరు పక్కన బెంచీ మీద కూర్చుని మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా రెండుసార్లు చదివి, అప్పుడు అమ్మకు ఫోన్ చేశాను.